గులాబీల గదికి కాపలా ముక్కు

సీతాబాయికి పళ్ళ పొడ గిట్టదు. అరటి, జామ, మామిడి, సీతాఫలం, ఏదైనా సరే, కాయగా ఉన్నంతసేపు క్షమించేది. పండిందంటే మాత్రం పోలీసు స్టేషన్‌కు వెళ్ళి దాని మీద కేసు పెట్టేంత కోపం.

నార్సింగి దాటాక రోడ్డు పక్కన తెల్లటి ప్లాస్టిక్ పందిళ్ళు వేసి సాయిచంద్ గులాబీలు పెంచుతున్న రోజులవి. అటు మాదాపూర్ గుట్టల మధ్య అద్దాల మేడ కొత్తగా లేచి నిలబడింది. దాని చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి రిబ్బన్ కత్తిరించుకుంటున్నాయి. రిబ్బన్ ఉన్నచోట గులాబీలు ఉండి తీరాలి. కోసిన గులాబీ ఆ కత్తెర పడేదాకా బతకాలంటే చల్లగది ఉండాలి. ఆ చల్లగదికి ఇన్‌ఛార్జి సీతాబాయి.

అంతకుముందు ఆవిడ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. చెప్పగా చెప్పగా పిల్లలకంటే మొక్కలే శ్రద్ధగా వింటాయని తేలడంతో ఉద్యోగం మానేసి ఇక్కడికొచ్చింది. చల్లగదిలోకి వెళ్ళి వస్తుండాలి కనుక నెత్తిన మంకీ టోపీ, చీర మీద మగవాళ్ళ స్వెట్టరు, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు. పని అయ్యాక వాటిని విప్పాలన్న సంగతి ఆవిడకు తట్టేది కాదు. మే నెల మిట్టమధ్యాహ్నం ఆ వేషంలోనే ఆటో ఎక్కింది. డ్రైవరు అద్దంలో రెండుసార్లు చూసి, "దవాఖానకేనా అమ్మా?" అన్నాడు. "గచ్చిబౌలికి. జర తలుపులున్న ఆటో కొనుక్కోరాదా, గాలంతా లోపలికొస్తున్నది" అని ఈవిడ అతన్నే మందలించింది.

పళ్ళంటే అంత పగ ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే వాళ్ళ పని అయిపోయినట్టే. పూలు గ్రేడింగు చేసే షెడ్డులో పనిచేసే రత్నమాల ఆ పాఠం ఎన్నిసార్లు విందంటే, నిద్రలో లేపినా అప్పజెప్పగలదు.

"పండు పండేటప్పుడు ఒక గాలి ఇడుస్తది. కంటికి కనపడదు. ఆ గాలి గులాబీకి తగిలిందనుకో, 'నీ పని అయిపోయింది, ఇగ రాలిపో' అని చెవుల చెప్పినట్టే. పిచ్చిది, నమ్ముతది. రేకులన్ని ఇడిశిపెడుతది."

"మనం రోజూ దేవుని ముందట పళ్ళు, పూలు ఒక్క తట్టలనే పెడుతం గద మేడమ్?"

"అందుకే సాయంత్రం వరకు వాడిపోతున్నయి. దేవుడు మంచోడు, పైకి అనడు."

సాయిచంద్ చెల్లెలి పెళ్ళిలో ఆవిడ నిచ్చెన వేయించుకుని పందిరి గుంజలకు కట్టిన అరటి గెలలన్నీ కోయించేసింది. పంతులుగారు లబోదిబోమన్నారు. "అమ్మా, గెల లేకుండా శుభకార్యం ఎట్లా?" అంటే, "బోదెలుంచిన గదా. దండలు పక్కనే వేలాడుతున్నయి. పెళ్ళికొడుకు మెడల పడేదాక అవి బతకాల్నా, వద్దా?" అంది. ఆ పెళ్ళిలో దండలు మూడో రోజుకు కూడా నవనవలాడుతూనే ఉన్నాయి. పెళ్ళివారు మాత్రం ఇప్పటికీ ఆ గెలల సంగతే చెప్పుకుంటారు.

ఇంకోసారి నమూనా గులాబీల పెట్టె ఒళ్ళో పెట్టుకుని సిటీ బస్సెక్కింది. పక్క సీట్లో జామపళ్ళ గంపతో ఒకాయన కూర్చున్నాడు. ఈవిడ సీటు మారింది, వాసన మారలేదు. కిటికీ తీయించింది, లాభం లేదు. చివరికి గంప మొత్తం బేరం చేసి బస్సులో ఉన్నవాళ్ళందరికీ పంచిపెట్టింది. "గచ్చిబౌలి వచ్చేలోపల ఒక్కటి మిగలొద్దు. తిన్న పండుతోని బాధ లేదు. తినని పండుతోనే ప్రమాదం." కండక్టరు రెండు తిని, టికెట్లు కొట్టడం మరిచిపోయాడు.

ఇక రోజూ ఉదయం షెడ్డు గుమ్మం దగ్గర జరిగే తతంగం చూసి తీరవలసిందే. ఆడవాళ్ళంతా టిఫిన్ డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడాలి. సీతాబాయి ఒక్కొక్క డబ్బాను చేతిలో తూచినట్టు పట్టుకుని, మూత ముక్కు దూరేంత ఎత్తేది. అంతకంటే ఎత్తితే గాలి కలిసిపోయి నేరం రుజువు కాదట. ఆ సందులో ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, చిన్నదీ పెద్దదీ కలిపి మూడు నాలుగు సార్లు పీల్చేది. తర్వాత తీర్పు.

"సాఫ్. పో. ... సాఫ్. నీ పచ్చిపులుసుల ఉప్పెక్కువైంది, పో. ... ఆగు! జామపండు!"

పండు ఉందని తేలిందంటే డబ్బా జప్తు. మధ్యాహ్నం శిక్ష. ముద్దాయి సీతాబాయి గదిలో ఆవిడ ఎదురుగా కూర్చుని, ఆవిడ వండి తెచ్చిన తిండి తింటూ, గులాబీ ఊపిరి మీద పాఠం ఆసాంతం వినాలి. పాఠం అయ్యేదాకా లేవకూడదు. వడ్డించింది వదలకూడదు.

రత్నమాల కూడా ఆ శిక్ష అనుభవించింది. దాని వెనక ఆమెను ఇప్పటికీ తికమక పెట్టే సంగతి ఒకటుంది. ఆమె మొగుడు కుమార్ సెంట్రింగు పనిలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్న వానాకాలంలో, ఆమె డబ్బాలో ఏమీ ఉండేది కాదు. నలుగురిలో చేతులూపుకుంటూ వస్తే బాగుండదని ఖాళీ డబ్బానే గట్టిగా మూతపెట్టి తెచ్చుకునేది. ఆ ఖాళీ డబ్బాలో సీతాబాయి ముక్కు పెట్టి, "జామపండు!" అని అరిచింది. ఆ రోజే కాదు, వరసగా చాలా రోజులు అదే నేరం.

డబ్బా ఖాళీ అని చెప్పుకోలేక రత్నమాల నోరు మూసుకుని శిక్ష అనుభవించింది. పప్పు బాగుండేది. తర్వాత ఆలోచించగా ఆమెకు ఒక్కటే తోచింది. కిందటేడు ఎప్పుడో ఆ డబ్బాలో జామపండు పెట్టుకుంది. ఏడాది కిందటి పండును కూడా పసిగట్టిందంటే అది మామూలు ముక్కు కాదు. ఆ రోజు నుంచి రత్నమాలకు ఆ ముక్కంటే భయమూ, భక్తీ రెండూ పట్టుకున్నాయి.

అలా ఉండగా ఆ ఏడు దసరాకు ముందు మాదాపూర్‌లో ఒక కొత్త కంపెనీ ప్రారంభోత్సవానికి పెద్ద ఆర్డరు వచ్చింది. హాలు నిండా ఎర్ర గులాబీలే కావాలన్నారు. తోటంతా గీకినట్టు కోశారు. కోసిన సాయంత్రమే కంపెనీ నుంచి రోహిణి అనే అమ్మాయి ఫోన్ చేసింది.

"సాయిచంద్ గారూ, చిన్న మార్పండి. మా ఎండీ గారి సిద్ధాంతి గారు ముహూర్తం బాగాలేదన్నారండి. దసరా వెళ్ళాక పెట్టుకుంటారట. పూలెక్కడికీ పోవు కదండీ?"

"ఎక్కడికీ పోవు మేడమ్" అన్నాడు సాయిచంద్. ఫోన్ పెట్టేసి, నేల మీద చతికిలబడ్డాడు. కంప్యూటర్ల వాళ్ళు కూడా తిథులు చూస్తారని అతను కలలో కూడా అనుకోలేదు. తోటలో మళ్ళీ పూలు రావాలంటే నెల దాటుతుంది.

"సీతమ్మా, గిన్ని దినాలు ఆగుతయా పూలు?"

"నిద్రపుచ్చుత. ఆగుతయి."

"ఆగకుంటే నా వల్ల కాదు. చల్లగది సేపుపళ్ళ సేటుకు కిరాయికిస్త. రోజూ వచ్చి అడుగుతున్నడు."

సేపుపళ్ళు! తన గదిలో ఆపిల్ పళ్ళు! సీతాబాయి స్వెట్టరు గుండీలు మెడదాకా పెట్టుకుంది. షెడ్డులో ఆడవాళ్ళు లెక్క వేసుకున్నారు. గది పోతే పూలు ఏ రోజువి ఆ రోజే జాంబాగ్ మార్కెట్‌కు పోతాయి. గ్రేడింగు ఉండదు, షెడ్డు ఉండదు. కుమార్ ఇంకా కుంటుతూనే ఉన్నాడు. ఈ పని పోతే రత్నమాలకు మళ్ళీ ఖాళీ డబ్బాయే.

సీతాబాయి పూలను నిద్రపుచ్చడం పసిపిల్లలను పడుకోబెట్టినంత పని. కాడలను నీళ్ళలో ముంచి ఏటవాలుగా కోయించింది. కడుపు నిండా నీళ్ళు తాగనిచ్చింది. కింది ఆకులు గిల్లించి, కట్టలుగా కాగితంలో చుట్టించి, పెట్టెల్లో పడుకోబెట్టింది. గడ్డకట్టడానికి కాస్త ఇవతల ఉండేలా చలి పెట్టింది. గాలి పొడిబారకుండా నేల మీద తడి గోనెలు పరిపించింది. తలుపు రోజుకు ఒక్కసారే తెరవాలి. తెరిస్తే వెచ్చటి గాలి, గాలికి రేకుల మీద చెమట, చెమటకు బూజు. లోపల ఎవరూ గట్టిగా మాట్లాడకూడదని కూడా ఒక రూలు పెట్టింది. దానికి శాస్త్రంలో ఆధారం లేదు, ఆవిడ ముచ్చట.

ఆయుధపూజ నాడు తోటలో ప్రతి ఇనుప ముక్కకూ బొట్టు పడింది. వ్యానుకు దండ వేశారు, కత్తెరలకు పసుపు రాశారు, మందు కొట్టే పంపుకు నిమ్మకాయ కట్టారు. చివరికి సాయిచంద్ కాలిక్యులేటరుకు కూడా కుంకుమ పెట్టారు. చల్లగది మిషనుకు మాత్రం ఏమీ లేదు.

"అందరి బతుకులు మోస్తున్న మిషను అది. దానికే పూజ లేకుంటే ఎట్ల నీలమ్మక్కా? కోపమొచ్చి ఆగిపోతే?" అంది రత్నమాల.

"పండు లేకుండ పూజైతదా? పండు పెడితే మేడమ్ బతకనిస్తదా? ఊకో" అంది పక్కన కట్టలు కడుతున్న నీలమ్మ.

రత్నమాల ఊరుకోలేకపోయింది. సీతాబాయి మిషను బెల్టు కోసం బాలానగర్ వెళుతూ, ఇంకెవరినీ నమ్మక, తాళంచెవి ఆమె చేతిలోనే పెట్టి వెళ్ళింది. అరటి హస్తం ఒకటి, ముట్టుకుంటే విచ్చుకునేంత మాగిన సీతాఫలాలు బుట్టెడు, కొబ్బరికాయ, వెలిగించిన అగరొత్తుల కట్ట తీసుకుని రత్నమాల గదిలోకి దూరింది. వెనక ఫ్యాను కింద, పెట్టెల చాటున అన్నీ అమర్చి దండం పెట్టింది. "జర కోపం చేయకు తల్లీ, మేడమ్‌కు తెలియదు" అని మిషనుకు నచ్చజెప్పింది. పెట్టిన నైవేద్యం వెంటనే ఎత్తేస్తే బాగుండదని, సాయంత్రం తీద్దామనుకుంది. సాయంత్రంలోపే సీతాబాయి తిరిగొచ్చి తాళంచెవి మెడలో వేసుకుంది. మర్నాడు దసరా సెలవు.

పండగ వెళ్ళిన ఉదయం సీతాబాయి తలుపు తీసింది. వెనకే తడి గోనెలతో రత్నమాల. లోపల అడుగు పెట్టగానే రత్నమాలకు ముఖం మీద కొట్టినట్టు వాసన తగిలింది. అగరొత్తులు, దాని మీద సీతాఫలం, దాని వెనక అరటి. గదంతా గుడి అయిపోయింది. అయిపోయింది నా పని అనుకుని ఆమె కళ్ళు మూసుకుంది.

సీతాబాయి గది మధ్యలో ఆగింది. తల పైకెత్తి నిండుగా గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"చూసినవా రత్నమాలా! గాలి ఎంత సాఫ్‌గున్నదో! ఒక్క పండు వాసన లేదు."

మొదట ఎత్తిపొడుస్తోందనుకుంది రత్నమాల. ఒక కన్ను తెరిచి చూసింది. సీతాబాయి ముఖంలో నిజమైన తృప్తి. పెళ్ళిపందిట్లో గెలలు కోయించిన ముక్కు, ఏడాది కిందటి జామపండును పట్టిన ముక్కు, సీతాఫలాల మధ్య నిలబడి సాఫ్ అంటోంది!

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. రాత్రికి దొంగతనంగా తీసేయవచ్చు. కానీ ఫ్యాను దగ్గరి పెట్టెలో పూలు అప్పుడే మెడలు వాల్చి ఉన్నాయి. ప్రారంభోత్సవం మర్నాడే. చెబితే తన పని ఒక్కటే పోతుంది, చెప్పకపోతే అందరి పనీ పోతుంది. రత్నమాల చేతిలోని గోనెలు కింద పెట్టింది.

"మేడమ్, మీకు వాసన వస్తలేదా?"

"ఏం వాసన?"

"సీతాఫలాలు. నేనే పెట్టిన. అరటిపండ్లు కూడా. మిషనుకు పూజ చేసిన."

"ఏవీ!" అంటూ సీతాబాయి వేసిన కేక గులాబీలను నిద్ర లేపకపోతే అది వాటి గొప్పతనమే. పెట్టెల చాటున ఆ బుట్ట చూసి ఆవిడ స్వెట్టరుతో సహా వణికింది. తిడుతుందని రత్నమాల తల వంచుకుంది. తిట్టడానికి ఆవిడకు తీరిక ఎక్కడిది?

"తలుపు తెరువు! బార్లా తెరువు! అందరిని పిలువు!"

తలుపు తెరవమని ఆవిడ నోటి నుంచి రావడం ఎవరూ వినలేదు. ఆడవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. చేటలు, అట్టపెట్టెల మూతలు, కొంగులు, చేతికి ఏది దొరికితే అది పట్టుకుని గదిలోని గాలిని బయటికి విసరడం మొదలుపెట్టారు. నీలమ్మ సాయిచంద్ టేబుల్ ఫ్యాను ఊడబెరుక్కొచ్చింది. మధ్యలో సీతాబాయి మంకీ టోపీ ఊడిపోయి జుట్టు చెదిరి, "అటు! ఇటు కాదు, అటు! రేకులకు తగలనీయకున్రి!" అని చేతులూపుతూ తిరిగింది. చలిలో చెమటలు పట్టిన మనుషులను ఆ రోజే చూశారు అక్కడివాళ్ళు.

"పళ్ళు ఏం చేయాలె మేడమ్?"

"తినున్రి! ఇక్కడనే, ఇప్పుడే! ఒక్కటి మిగలొద్దు!"

తలా ఒకటి నోట్లో కుక్కుకున్నారు. రెండు అరటిపళ్ళు మిగిలితే సీతాబాయి తనే ఒలిచి తినేసింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో సాయిచంద్ ప్రత్యక్షమయ్యాడు. చేటలు పట్టుకుని గులాబీలకు విసురుతున్న ఆడవాళ్ళు, ఎవరి బుగ్గలు చూసినా బూరెలే.

"ఏందిది? ఏమైంది? పూలకు గాలి విసురుడేంది?"

ఎవరూ మాట్లాడలేదు. నోట్లో గింజలున్నాయి. సీతాబాయి మింగి, దగ్గి, హుందాగా చెప్పింది.

"గాలి మారుస్తున్నం. శాస్త్రంల ఉన్నది."

శాస్త్రం అనేసరికి అతను వెనక్కి తగ్గాడు. ఫ్యాను దగ్గరి పెట్టెల్లో పూలు పోయాయి. మిగిలినవి బతికాయి. "ఆ చలికి పళ్ళు కూడ సగం నిద్రపోయినయి, అందుకే బచాయించినం" అంది సీతాబాయి. కాడలు మళ్ళీ కోయించి గోరువెచ్చటి నీళ్ళలో నిలబెట్టింది. మర్నాడు ఉదయానికి గులాబీలు ఒక్కొక్కటే తల ఎత్తాయి. మాదాపూర్ హాలులో రోహిణి వాటి మీదికి వంగి, "ఇవాళ కోసినట్టున్నాయండీ!" అంది. "ఇయ్యాల్టివే మేడమ్" అన్నాడు సాయిచంద్, రెప్ప వేయకుండా. సేపుపళ్ళ సేటుకు ఆ సాయంత్రమే లేదు పొమ్మన్నాడు.

ఆ హడావిడి అంతా సద్దుమణిగాక రత్నమాల సీతాబాయి గదికి వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

"మేడమ్, మీకు ముక్కు ఎన్నటి సంది పనిచేస్తలేదు?"

"మెల్లగ! చల్లగదిల రొంప పట్టి పోయింది. పోయి శాన కాలమైంది. సాయిచంద్‌కు చెప్పకు."

"మరి నా డబ్బాల జామపండు వాసన..."

సీతాబాయి మంకీ టోపీ కళ్ళ మీదికి లాక్కుంది. "పని లేదా నీకు? పో, ఆకులు గిల్లు."

రత్నమాల నేరుగా నీలమ్మ దగ్గరికి వెళ్ళింది. నిరుడు నీలమ్మకు పడ్డది సీతాఫలం శిక్ష. "అక్కా, నిరుడు నీ డబ్బాల నిజంగ సీతాఫలం ఉండెనా?" నీలమ్మ చేతిలో దారం సర్దుకుంది. "ఏముంటది బిడ్డా. నా కొడుకు దవాఖానల ఉన్నప్పటి మాట. డబ్బాల గాలే ఉండె." ఆ పక్కామె కూడా చేతిలో పని ఆపింది. ఆమెది మామిడిపండు నేరం. ఆ డబ్బాలో కూడా గాలే. ఇన్నాళ్ళూ ప్రతి ఒక్కరూ తన డబ్బా ఒక్కటే ఖాళీ అనుకుని, మిగతావాళ్ళు నిజంగా పళ్ళు తెచ్చి పట్టుబడ్డారనుకుని నోరు మెదపలేదు. వాసన తెలియని ముక్కు అంతమంది ఆకలిని పట్టుకుంది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రత్నమాలకు నవ్వొచ్చింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎవరూ ఎవరికీ చెప్పవద్దని అక్కడే ఒట్టు వేసుకున్నారు.

కొన్నాళ్ళకు బాలమ్మ అనే కొత్త మనిషి పనిలో చేరింది. ఉదయం వరసలో డబ్బాను రెండు చేతులా కడుపుకు అదిమి పట్టుకుని నిలబడింది. సీతాబాయి డబ్బా అందుకుని, మూత కొంచెం ఎత్తి, ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని పీల్చింది.

"జామపండు!"

బాలమ్మ తెల్లబోయింది. "అయ్యో అమ్మా, నా డబ్బాల అసలేమీ లే..."

"అవ్ మేడమ్, జామపండే! నాకు ఇక్కడిదాక కొడుతున్నది" అంది రత్నమాల గబగబా.

"జామ ఎక్కడిది? సీతాఫలం" అంది నీలమ్మ, మెడ సాచి గాలి పీలుస్తూ.

"రెండూ ఉన్నయి. అడుగున బొప్పాయి కూడ ఉన్నట్టున్నది" అంది మామిడిపండు నేరం చేసినామె.

సీతాబాయి మంకీ టోపీ పైకి జరిపి ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. టోపీ మళ్ళీ కిందికి లాక్కుంది. గొంతు మాత్రం జడ్జిగారిదే.

"జామపండే. డబ్బా జప్తు. మధ్యాహ్నం నా గదికి రా."

బాలమ్మ బిక్కచచ్చిపోయి రత్నమాల చెయ్యి పట్టుకుంది. "ఏం చేస్తరక్కా నన్ను?"

"గులాబీల మీద పాఠం చెప్తరు" అంది రత్నమాల. "భయపడకు. పప్పు మంచిగుంటది."